గంట మోగక ముందు

1వ రోజు

ఈ పుస్తకం ధార కేంద్రానిది. ముందు నుంచి తెరిస్తే ఏ శనివారం ఎవరికి ఎన్ని గ్రాముల కొవ్వు ఎక్కించామో ఉంటుంది. అది నా ఉద్యోగం. వెనక నుంచి తెరిస్తే ఇది ఉంటుంది. ఇది నా పని.

ఈ రోజు మా పైడికి పెట్టిన గొట్టం తీసేశారు. మూడోసారి చీము పట్టింది. ఎడమ మెడ ఎముక కింద ఒకటి పోయింది, కుడివైపు ఒకటి పోయింది, తొడ దగ్గరది ఈ రోజు పోయింది. గొట్టం పెట్టగలిగిన నరాలన్నీ మూసుకుపోయాయట. కేంద్రం అధికారి మార్తాండం కాగితం చూస్తూ చెప్పాడు, మనిషిని చూడలేదు.

"మరి కొవ్వెలా ఎక్కిస్తారు?" అన్నాను.

"జాబితాలో పేరు రాశాం, వరహాలమ్మగారూ. కింద పట్నంలో వీపులోంచి పెద్ద నరానికి గొట్టం పెడతారు. వంతు రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు."

పైడి నా అన్న కూతురు. ఇరవై రెండేళ్ళు. కొండ కింది మెట్టు పొలాల నుంచి పై మెట్ల ఇళ్ళకు బియ్యం, నీళ్ళు మోసే రోప్‌వే నడుపుతుంది. అన్నా వదినా తుఫానులో పోయినప్పుడు ఆరేళ్ళది, అప్పటి నుంచి నా దగ్గరే. ఇంటికి వస్తూ నా భుజం మీద చెయ్యేసి, "ఏటత్తా, ముఖం అలగెట్టీసావు? శనివారం శనివారం నీ సూది తప్పింది గదా నాకు!" అని నవ్వింది.

నవ్వుతుంది. కొవ్వు అందకపోతే నలభై రోజుల్లో ఏమవుతుందో ఆ పిల్లకు తెలియదు. నాకు తెలుసు. కేంద్రంలో కొత్తవాళ్ళకు పాఠాల్లో నేనే చెబుతాను.

2వ రోజు

ధార వచ్చి పాతికేళ్ళయింది. తీరం మునిగి అందరం కొండ మెట్ల మీదికి ఎక్కాక నూనె కొద్దిమంది చేతుల్లో చిక్కింది. వాళ్ళ ఇళ్ళలో నేతి గారెలు, మా ఇళ్ళలో చర్మం పొలుసులు రాలే పిల్లలు. అప్పుడు మేం వీధికెక్కాం. ఉన్న కొవ్వునంతా పాలలా చిలికి, మనిషికింత అని కొలిచి, నేరుగా నెత్తుట్లోకే పంపమన్నాం. నోరు అబద్ధమాడుతుంది, వంటిల్లు దాచుకుంటుంది, నరం దాచుకోలేదు అని వాదించాం. "ప్రతి నరానికీ సమాన ధార!" ఆ నినాదం రాసింది ఎవరనుకున్నారు? నేనే. ఇరవై ఆరేళ్ళ వయసులో, ఈ చేత్తోనే.

గెలిచాం. గెలిచిన మర్నాటి నుంచి కుళాయి ఎవరి చేతిలో ఉందో చూడటం మరిచిపోయాం. నోటితో తింటే కొలత తప్పుతుందని కుళాయి పట్టినవాళ్ళు గానుగలు మూయించారు. దొంగతనంగా తిన్నా వంటబట్టకుండా రోజూ మధ్యాహ్నం ఒక బిళ్ళ మింగమన్నారు. ఆ బిళ్ళ కడుపులో కొవ్వును విరిచే రసాన్ని కట్టేస్తుంది. తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. సమ్మె చేసిన వీధికి ఒక శనివారం సీసాలు ఆలస్యంగా వచ్చేవి. అది శిక్ష అని ఎవరూ అనలేదు. రవాణా ఇబ్బంది అన్నారు.

సమానత్వం తప్పా? కాదు. నూరుసార్లు అడిగినా కాదంటాను. మనిషి పేగుకు తెలిసిన విద్యను లాక్కుని సీసాలో పెట్టి, దానికి సమానత్వమని పేరు పెట్టడం తప్పు. ఆ తప్పులో నా దస్తూరీ ఉంది.

4వ రోజు

పైడిచేత బిళ్ళ మాన్పించాను.

మా మెట్టు మీద భోజనం అందరికీ ఒకేచోట. అన్నం, నూనె లేని పప్పు, ఉడికించిన ఆకుకూర, కారం. మెతుకు మీద మెరుపుండదు. పెద్ద గంట మోగితే మొదలుపెడతారు, చిన్న గంట మోగితే లేస్తారు. రెండో గంట ఎందుకో కుర్రకారును అడిగితే, "లేకపోతే తిండి ఎలగ ఆగుద్ది?" అంటారు. నిజమే, వాళ్ళకు ఆగదు. కొవ్వు పేగును తాకితేనే పేగు మెదడుకు కబురు పంపుతుంది: వచ్చింది, ఇక నెమ్మదించు అని. ఆ కబురు పాతికేళ్ళుగా ఎవరి లోపలా బయలుదేరలేదు. కడుపు బరువెక్కుతుంది, కోరిక తీరదు. గంట మోగుతుంది, లేస్తారు.

అప్పన్న గుర్తొచ్చాడు. నా మొగుడు. ముద్దపప్పులో నువ్వులనూనె పోసుకుని తినేవాడు. రెండోసారి వడ్డించబోతే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. నేను ఊరుకునేదాన్నా? వేళ్ళ సందుల్లోంచి ఇంకో చెంచా పోసేదాన్ని. నూనె వేళ్ళ మీద కారేది. "నీకు ఆపడం రాదే వరహాలూ, వంటకైనా వాదానికైనా" అనేవాడు.

మొదటి ఏడాది గొట్టం పెట్టించుకున్నవాళ్ళలో అతనూ ఉన్నాడు. నా మాట మీద. ఆ చలికాలమే గొట్టం జ్వరం వచ్చింది. ఇంతకన్నా ఇక్కడ రాయను.

ఆ అరచెయ్యిని చూసి ఇరవై నాలుగేళ్ళయింది. అతని చెయ్యే కాదు, ఏ కంచం మీదా ఏ చెయ్యీ చూడలేదు. ఈ మెట్ల మీద పుట్టినవాళ్ళకు ఆ చేష్ట ఒకటుందనే తెలియదు.

9వ రోజు

పైడి మోచేతుల మీద తెల్లటి పొలుసు. దువ్వెన నిండా జుట్టు. తొడ మీద గొట్టం తీసిన గాయం నోరు మూయడం లేదు. మూయదు. శరీరంలో ప్రతి కణానికీ గోడ కొవ్వుతో కట్టిందే. తాపీమేస్త్రీకి ఇటుకలివ్వకుండా గోడ లేవలేదంటే ఎలా?

రోప్‌వే కింది మజిలీలో పావురాల కోసం నువ్వులు పండిస్తారు. పైడి స్నేహితులు సంచెడు పంపారు. దంచి, వేడినీళ్ళు చిలకరించి, గుడ్డలో వేసి పిండి, ఒక గ్లాసు నూనె తీశాను. మూత తీస్తే ఇల్లంతా ఆ వాసన. పైడి ముక్కు ముడిచింది.

"ఇదేటత్తా, ఇంజను వాసనేస్తంది?"

"నీ మొహం. ఇది అన్నం వాసన."

ఆదివారం రోప్‌వే వేదిక మీద అందరి ముందూ తినిపిస్తానన్నాను. జనం చూడాలి, నమ్మాలి, బిళ్ళలు లోయలోకి విసరాలి. రాత్రంతా కూర్చుని కరపత్రం రాశాను: 'నోటికి హక్కు'. మంచి కరపత్రం. మళ్ళీ చదివినా అందులో ఒక్క వాక్యం కొట్టేయాల్సిన పని లేదు.

11వ రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయాలి. రేపు ఇంకొకరి గొట్టం పోతుంది, వాళ్ళు ఇది చదవాలి.

వేదిక చుట్టూ అరవై మంది చేరారు. మార్తాండం కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. వేడి అన్నంలో పప్పు, దాని మీద నాలుగు చెంచాల నువ్వులనూనె. నాలుగు! పైడి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"ఓలమ్మ! జారిపోతందత్తా! నమలక ముందే ఎల్లిపోతంది!"

జనం నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. కుళాయి గురించి, బిళ్ళ గురించి, పాతికేళ్ళ మోసం గురించి. అరగంట మాట్లాడి ఉంటాను. జనం నా వైపు కాకుండా నా పక్కకు చూస్తున్నారని ఆలస్యంగా గమనించాను.

పైడి కుడి డొక్క పట్టుకుని వేదిక మీద ముడుచుకుపోయి ఉంది. చెమటలు. నొప్పి డొక్కలోంచి వీపుకూ భుజానికీ పాకుతోందట. తిన్నదంతా కక్కింది. "అత్తా, లోపలేదో పిండేస్తందత్తా, ఆపీయత్తా" అంటోంది. నా చేతిలో కరపత్రాల కట్ట ఉంది. ఆమెను పట్టుకోవడానికి ముందు ఆ కట్టను జాగ్రత్తగా పక్కన పెట్టాను. ఆ రెండు క్షణాలు నేను మరిచిపోను.

మార్తాండానికి ఒక్క మాటైనా అనాల్సిన అవసరమే లేకపోయింది. మధ్యాహ్నం గంటకు అరవై మందీ వెళ్ళి బుద్ధిగా బిళ్ళలు మింగారు.

12వ రోజు

నిన్న సాయంత్రానికి నొప్పి తగ్గింది. ఈ రోజు తాతబాబు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎనభై ఏళ్ళవాడు. ధార రాక ముందు జీర్ణకోశ వైద్యుడు. ధార వచ్చాక వైద్యానికి పని లేక మేకలు కాస్తున్నాడు. పాత స్కానింగ్ పెట్టెను పైడి డొక్క మీద తిప్పుతూ నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

"కోడిని కోసేటప్పుడు పగలకుండా తీసి పారేస్తారే, ఆకుపచ్చ తిత్తి, అది మనిషికీ ఉంటుందని తెలుసా తమకి?"

"తెలుసండీ. పైత్యరసం తిత్తి. కొవ్వు వస్తే రసం పిండుతుంది."

"తెలిసే చేశావన్నమాట. తెలియకపోతే క్షమించేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా దానికి పిండమని చెప్పినవాడు లేడు. రసం లోపలే నిలిచి చిక్కబడింది. నువ్వు ఒక్కసారిగా నాలుగు చెంచాలు పోసి పిండు అన్నావు. పక్షవాతం మనిషిని లేపి కొండెక్కమన్నట్టు!"

"నోటితో తినే హక్కు..."

"హక్కు నీ నోటికి. పని దాని పేగుకి. దాన్ని అడిగావా?"

 

తాతబాబు తెర పైడికి చూపించాడు. "ఇదిగోనమ్మా. రాళ్ళు కావు, బురద. రాయైతే కోయాలి. బురదైతే కదులుతుంది, రోజూ కొంచెం కొంచెం కదిపితే. పసిదానివప్పుడు పాలు తాగావు కదా? పాలలో కొవ్వుంది. అప్పుడు నీ పేగుకి ఈ పనంతా వచ్చు. రెండేళ్ళకి గొట్టం పెట్టి మాన్పించారు. మరిచిపోయింది, అంతే. గుర్తు చెయ్యాలి."

"ఎన్ని రోజులు పడద్ది, తాతా?"

"నాకేం తెలుసు? నీ పేగునడుగు."

15వ రోజు

మొదట కొబ్బరినూనె. అరచెంచాలో సగం. కొబ్బరిలో కొంత కొవ్వు పొట్టి రకం, పైత్యరసం కోసం అంతగా కాచుకోదు, పేగు నుంచి సూటిగా కాలేయానికి పోతుంది. మిగతా కొవ్వుది పొడుగు ప్రయాణం. నూనె నీళ్ళలో కలవదు, నెత్తురేమో నీళ్ళు. అందుకని పైత్యరసం దాన్ని చిన్న చిన్న బొట్లుగా చెదరగొట్టాలి, క్లోమం నుంచి వచ్చే రసం ఆ బొట్లను విరవాలి, పేగు గోడ ఆ ముక్కల్ని లోపలికి లాక్కుని మళ్ళీ అతికించి, ప్రొటీను చొక్కా తొడిగి, పాలలాంటి రసంలో వదలాలి. ఆ పాల కాలువ వెన్నెముక పక్కనే పైకెక్కి ఎడమ మెడ ఎముక కింద నెత్తుట్లో కలుస్తుంది. అవును, మనవాళ్ళు గొట్టం గుచ్చిన చోటే. శరీరం లక్షల ఏళ్ళుగా వాడుతున్న రేవు అది. దాన్ని కనిపెట్టామని మేం ఊరేగాం.

తాతబాబు పరీక్ష సులువు. తిన్న మూడు గంటలకు నెత్తురు తీసి గాజు గొట్టంలో నిలబెడతాడు. ఎర్రది అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీరు తేటగా ఉంటే ఏమీ చేరలేదన్నమాట. పాల రంగు తిరిగితే కొవ్వు నెత్తుట్లోకి వచ్చినట్టు.

ఈ రోజు తేట.

19వ రోజు

తేట. దొడ్డికెళ్తే నీళ్ళ మీద నూనె తెట్టు. తిన్నది తిన్నట్టే పోయింది.

23వ రోజు

తేట. గాయం అంచులు ఎర్రగా ఉన్నాయి. రోప్‌వే మీద సగం పూటకే అలిసిపోయి కూర్చుంటోందట.

మార్తాండం ఇంటికొచ్చాడు. పట్నంలో వంతు తొందరగా ఇప్పించగలడట. ఒక కాగితం మీద నేను సంతకం పెట్టాలి. అందులో ఇలా ఉంది: 'నోటి ద్వారా కొవ్వు తినడం ప్రాణాంతకమని నా అనుభవంలో రుజువైంది. నా ప్రచారం తప్పు.'

"మీ మాట జనం వింటారు కదండీ" అన్నాడు. ఎగతాళి లేదు గొంతులో. అదే ఎక్కువ మండింది.

26వ రోజు

పైడి అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. కొబ్బరి మానేసి నువ్వులనూనె మొదలుపెట్టాం, అరచెంచా.

"తిను."

"వొద్దు."

"తినకపోతే గాయం మానదు, ఓలే."

"గాయం కోసమేనేటి? రోజూ గాజు గొట్టం తేటగుందని తెలిసినప్పుడు నీ ముఖం సూసుకున్నావా? నాను సచ్చిపోతానని కాదు, నువ్వు ఓడిపోతావని. నాను నీ కరపత్రాన్ని కానత్తా!"

ఇంత పొడుగు మాట ఆ పిల్ల ఎప్పుడూ అనలేదు.

జవాబు చెప్పడం నాకు అలవాటు. అసెంబ్లీ మెట్ల మీద చెప్పాను, పోలీసు బండిలో చెప్పాను. ఈ రోజు నాకు దొరికిన జవాబు ఒక్కటే. లేచి, మిగిలిన కరపత్రాల కట్ట తెచ్చి పొయ్యిలో పెట్టాను. మార్తాండం కాగితం తీసి పైడి ముందు పెట్టాను.

"సంతకం పెడతాను. ఎల్లుండి పట్నం వెళ్దాం. మీ మావ విషయంలో నా మాటే నెగ్గాలనుకున్నాను. నెగ్గింది. ఇంకోసారి వద్దు."

పైడి కాగితం చదివింది. తర్వాత మడిచి, వేడి గిన్నె కింద పెట్టింది, బల్ల కాలకుండా.

"ఇంకో వారం సూద్దామత్తా. నీ కోసం కాదు. ఆ నూనె..." ఆగింది. "తినీసాక నాలిక మీద సానాసేపు ఉండిపోతంది. దేనికోసమో ఎదురుసూత్తన్నట్టుంటది. అదేటో తెల్సుకోవాలనుంది."

నాకు తెలుసు అదేమిటో. పాతికేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. చెప్పలేదు. ఈసారి ముందుగా చెప్పి పాడుచేయదల్చుకోలేదు.

27వ రోజు

అరచెంచా, రెండు పూటలా. వేదిక లేదు, జనం లేరు. నేను కూడా ఎదురుగా కూర్చోవడం లేదు. వాకిట్లో కూర్చుని ఆకుకూర బాగుచేస్తున్నాను. గాజు గొట్టం చూడటానికి పైడి ఒక్కతే తాతబాబు దగ్గరికి వెళ్తోంది. నా ముఖం చూడక్కర్లేకుండా.

31వ రోజు

మధ్యాహ్నం రోప్‌వే తొట్టి మా మెట్టు దగ్గర ఆగింది. వేళ కాని వేళ. పైడి దిగి పరుగున వచ్చింది, వెనక తాతబాబు మేకల కర్ర ఊపుతూ, "అమ్మాయ్, నెమ్మదిగా, పగిలిపోతుంది!" అని అరుస్తున్నాడు.

ఆమె పిడికిట్లో గాజు గొట్టం. అడుగున ఎరుపు. పైన, మేఘం కమ్మిన నీళ్ళలా, కలిపీ కలపని మజ్జిగలా, తెలుపు.

"పాలు పడ్డాయత్తా" అంది.

తాతబాబు అరుగు మీద కూలబడి ముక్కు చీదుకున్నాడు. "కాలేజీలో కుర్రాళ్ళకి చూపించేవాణ్ణి ఇది. విసుగు వచ్చేది. భోంచేసి వచ్చిన ప్రతివాడి నెత్తురూ ఇలాగే ఉండేది. ప్రతివాడిదీ!"

ఏ సీసా లేకుండా, ఏ కుళాయి లేకుండా, ఒక ఆడపిల్ల తన అన్నంలోంచి తానే తీసుకున్న ధార. ఒక ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

35వ రోజు

గాయం అంచులు దగ్గరికొచ్చాయి. రెండు చెంచాల దాకా నొప్పి లేదు. స్కానింగ్‌లో బురద సగం కదిలిపోయిందట.

రోప్‌వే వాళ్ళు ముగ్గురు సాయంత్రం వచ్చి నన్ను కాదు, పైడిని అడిగారు, ఎలా మొదలుపెట్టాలని. "బిళ్ళ మానీయండి, అరచెంచాతో మొదలెట్టండి. ముందు తాత దగ్గర డొక్క సూపించుకోండి. మా అత్త ఉపన్యాసం ఇత్తే మటుకు పారిపోండి" అని చెప్పింది. వాకిట్లో ఉన్న నాకు వినబడేలాగే.

38వ రోజు

ఈ రోజు పైడికి సెలవు. పెద్ద గంట మోగింది. అందరి వరసలో కాకుండా మా ఇంట్లోనే వడ్డించాను. ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర, కారం. రెండు చెంచాల నూనె. నేను పక్కన కూర్చుని గరిట పట్టుకున్నాను.

నెమ్మదిగా తింటోంది. రోప్‌వే కబుర్లు చెబుతోంది. కింది మజిలీలో పావురాలకు నువ్వులు తగ్గాయని కాపలా మనిషి గోల పెడుతున్నాడట. చెబుతూ చెబుతూ ముద్దలు చిన్నవయ్యాయి. మధ్యలో ఆగి కిటికీలోంచి చూసింది. ఇంకో ముద్ద తింది. ఆగింది.

అలవాటు కొద్దీ నేను గరిటతో పప్పు తీసి వంగాను.

పైడి ఎడమ చెయ్యి లేచింది. వేళ్ళు దగ్గరగా చేర్చి, అరచెయ్యి కంచం మీద అడ్డం పెట్టింది.

ఎవరూ నేర్పలేదు. ఆ చేష్ట ఆమె ఎప్పుడూ చూడలేదు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

తన చెయ్యిని తానే చూసుకుని బెదిరిపోయింది. "ఏటో అయిపోతందత్తా. నొప్పి కాదు. బరువూ కాదు. అన్నం ఉంది, బాగుంది, కానీ అక్కర్లేదనిపిస్తంది. జబ్బేటి ఇది?"

"కాదు."

"మరేటి?"

గరిట గాల్లోనే ఉంది. పప్పు మీద నూనె మెరుస్తోంది. ఆ వేళ్ళ మధ్య సన్నటి సందులున్నాయి. ఒక్క చెంచా పడుతుంది. ఇంకొక్కటి. ఇరవై నాలుగేళ్ళ కిందట రోజూ పోసేదాన్ని.

గరిట వెనక్కి తీసుకుని గిన్నెలో పెట్టేశాను.

పైడి లేచి వాకిట్లో చెయ్యి కడుక్కుంటోంది. చిన్న గంట ఇంకా మోగలేదు.